బోరు నీళ్లు మూసిపెట్టిన లీకు: ఒక క్రయోస్టాట్ కేసు

లీకులు వెతకడం నా వృత్తి. హీలియం లీక్ డిటెక్టర్‌ని, అంటే సందులోంచి దాటిన హీలియాన్ని పసిగట్టే యంత్రాన్ని, వ్యానులో వేసుకుని పిలిచిన చోటికల్లా పోతుంటాను. ఈ కేసు ఒక క్రయోస్టాట్‌ది, అంటే అతి చల్లటి ద్రవాన్ని పట్టి ఉంచే పాత్రది. తయారీ యూనిట్ పేరు, కొన్న పరిశోధన సంస్థ పేరు, డ్రాయింగ్ కొలతలు ఇవ్వడం లేదు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి మధ్య ఎక్కడో ఒక షెడ్డు అనుకోండి, చాలు. ఫార్మా కంపెనీలకు రియాక్టర్లు, ట్యాంకులు చేసే యూనిట్ అది. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్‌లో చేయి తిరిగినవాళ్లు. ఇలాంటి అతి చలి పని, అదే క్రయోజెనిక్ పని, మాత్రం వాళ్లకు కొత్త.

ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే, లీకు ఎప్పుడు బయటపడిందో చూసి, దాని కారణం కూడా అదేనని తేల్చేయడం మా లైన్లో చాలా మామూలు. చల్లబరిచినప్పుడు కనబడితే అది చలి వల్ల పుట్టిన లీకే అనుకుంటారు. ఇక్కడ ఆ ఒక్క నమ్మకం వల్ల బోలెడు డబ్బు, ఒక మంచి వెల్డరు పరువు రెండూ పోయేలా ఉన్నాయి.

నేపథ్యం

పార్టికల్ యాక్సిలరేటర్లలో కణాలకు వేగాన్నిచ్చేవి ఆర్‌ఎఫ్ కావిటీలు, అంటే లోపల రేడియో తరంగాలు నింపే బోలు లోహపు పాత్రలు. వాటిని నయోబియంతో చేసి 9.2 కెల్విన్ కిందికి దించితే సూపర్ కండక్టర్‌గా మారతాయి, గోడల్లో వృథా అయ్యే పవర్ విపరీతంగా తగ్గుతుంది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ కడుతున్న పిప్-2 యాక్సిలరేటర్ లాంటి ప్రాజెక్టుల్లో మన అణుశక్తి శాఖ సంస్థలు భాగస్వాములు. అందుకే కావిటీలు, వాటిని పరీక్షించే పరికరాలు ఇక్కడే చేయించాల్సిన అవసరం వచ్చింది.

యాక్సిలరేటర్‌లో బిగించే ముందు కావిటీని విడిగా 2 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 271 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. లిక్విడ్ హీలియం మామూలు ఒత్తిడిలో 4.2 కెల్విన్ దగ్గర మరుగుతుంది. పైనున్న ఆవిరిని పంపులతో లాగేసి ఒత్తిడిని 31 మిల్లీబార్ దాకా దించితే అది 2 కెల్విన్‌కు చేరుతుంది. కావిటీని నిలువుగా వేలాడదీసి హీలియంలో ముంచడానికి లోతైన పాత్ర కావాలి. అదే వర్టికల్ టెస్ట్ క్రయోస్టాట్. లోపల హీలియం వెసల్, దాని చుట్టూ లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబడే షీల్డు, అన్నిటికీ బయట వాక్యూమ్ జాకెట్. మధ్యలో పొరలు పొరలుగా చుట్టిన మెరిసే ఫిల్ము, మేము ఎంఎల్ఐ అంటాం.

ఆ జాకెట్‌లో వాక్యూమ్ చెడితే ఏమవుతుందో ఒక్క లెక్కతో అర్థమవుతుంది. బయటి నుంచి ఒక వాట్ వేడి లోపలికి చేరినా గంటకు దాదాపు 1.4 లీటర్ల లిక్విడ్ హీలియం ఆవిరైపోతుంది. మనం హీలియం దాదాపు అంతా దిగుమతి చేసుకుంటున్నాం. కాబట్టి కొన్నవాళ్ల షరతు గట్టిగానే ఉంది: లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచాక కూడా మొత్తం లీకు సెకనుకు 10⁻⁹ మిల్లీబార్ లీటర్ దాటకూడదు. ఆ రేటున ఒక సీసీ గాలి కారాలంటే ముప్పై ఏళ్లు పడుతుంది. ఫార్మా ట్యాంకులో సబ్బు నురగతో లీకు చూసే అలవాటున్న మనిషికి ఈ అంకె ఊహకు అందదు.

సమస్య

విడిభాగాలన్నీ మామూలు వేడిమిలో లీక్ టెస్టు పాసయ్యాయి. హీలియం వెసల్‌కి విడిగా టెస్టు చేసిన సర్టిఫికెట్ కూడా ఉంది. ఎంఎల్ఐ చుట్టి, జాకెట్‌లో దింపి, లిక్విడ్ నైట్రోజన్ పోశారు. జాకెట్ వాక్యూమ్ మొదట బాగుపడింది. చల్లటి గోడల మీద తేమ గడ్డకట్టుకుంటుంది కాబట్టి అది సహజమే. తర్వాత ప్రెజర్ మెల్లగా ఎక్కడం మొదలై ఆగలేదు. నైట్రోజన్ తీసేసి, వేడెక్కాక హీలియంతో చూస్తే లీకు 10⁻⁷ల్లో ఉంది.

రిపోర్టులో 'కోల్డ్ లీక్' అని రాశారు. రాసినవాళ్లను తప్పుపట్టలేం. స్టెయిన్‌లెస్ స్టీల్ గది వేడిమి నుంచి లిక్విడ్ నైట్రోజన్ ఉండే 77 కెల్విన్‌కు దిగితే మీటరుకు దాదాపు 3 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. బోల్టు వదులవడం, గాస్కెట్ పట్టు తప్పడం నిజంగానే జరుగుతాయి. కాబట్టి వాళ్లు చేసిందేమిటంటే సీళ్లన్నీ మార్చారు. పై ప్లేటు ఓ-రింగు, కింది ఫ్లాంజ్ కాపర్ గాస్కెట్, బోల్టులు మళ్లీ టార్క్ చేయడం. లీకు కదల్లేదు. తర్వాత అనుమానం వెల్డు మీదికి పోయింది. మెడ దగ్గరి సీమ్‌ని గ్రైండ్ చేసి మళ్లీ టిగ్ వెల్డింగ్ చేయించారు. అయినా అంకె అదే.

నేను వెళ్లేసరికి షెడ్డులో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడటం లేదు. మా కంటే పెద్దవాడైన వెల్డరు ఒక్కడే మొహం మీద అడిగాడు: "ఏంది సార్, మీరు గూడ వెల్డింగే అంటరా?"

"అన్నా, ఇంకా ఏమీ అనట్లే. ముందు లాగ్‌బుక్ చూడనీ" అన్నాను.

మొదటి నిర్ణయం: కొత్తగా కొలిచే ముందు పాత అంకెలు చదవడం

లాగ్‌బుక్ బాగా రాశారు. నా పని సగం అందులోనే తేలింది.

ముందు తేల్చుకోవలసింది ఇది అసలు లీకేనా, ఎంఎల్ఐలో ఇరుక్కున్న తేమ బయటికి వస్తోందా అన్నది. పంపు వాల్వు మూసి ప్రెజర్ ఎలా పెరుగుతుందో గీస్తే తెలుస్తుంది. తేమ అయితే గీత మొదట నిటారుగా లేచి, పోనుపోను చదునవుతుంది. లీకయితే తిన్నగా ఎక్కుతూనే ఉంటుంది. ఇక్కడ రెండూ కలిసి ఉన్నాయి. మొదట వంపు, ఆ తర్వాత తిన్నని గీత. లీకు నిజమే.

రెండో విషయం నాకు అసలైన ఆధారం. వెసల్ వేడెక్కాక కూడా లీకు అలాగే ఉంది. సీలు చల్లబడి ముడుచుకోవడం వల్ల వచ్చిన లీకయితే వేడెక్కాక మూసుకుపోవాలి, లేదా కనీసం బాగా తగ్గాలి. పైగా వాళ్లు మొదట మార్చిన పై ప్లేటు ఓ-రింగు చల్లబడే చోటులోనే లేదు. ఇలాంటి క్రయోస్టాట్‌లో మెడ పొడుగ్గా ఉంచేదే పైభాగం గది వేడిమికి దగ్గరగా ఉండాలని. కింది గాస్కెట్ మార్చినా తేడా రాలేదంటే సీళ్లను పక్కన పెట్టేయొచ్చు.

మరి మొదటి చల్లదనం అప్పుడు శాశ్వతంగా ఏదో తెరుచుకుంది. దానికి రెండే దారులు. లోహం పగలాలి, లేదా ముందు నుంచే ఉన్న రంధ్రానికి అడ్డం పడినదేదో ఊడిపోవాలి. 304ఎల్, 316ఎల్ రకాల స్టీలు 77 కెల్విన్ దగ్గర పెళుసుబారదు. వాటిని ఈ పనికి వాడేదే అందుకు. కాబట్టి పగులు కంటే అడ్డంకి మీదే నా అనుమానం ఎక్కువైంది.

అప్పుడు అడిగిన ప్రశ్న ఒకటే: "మొదటి హీలియం టెస్టుకు ముందు ఈ వెసల్‌కి ఏమేం చేశారు, వరుసగా చెప్పండి." వెల్డింగ్, డై పెనెట్రెంట్ (రంగు ద్రవం పూసి పగుళ్లు చూడటం), హైడ్రోటెస్టు (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టడం), వేడి గాలితో ఆరబెట్టడం, ఆ తర్వాత హీలియం టెస్టు. ఆమోదం పొందిన క్వాలిటీ ప్లాన్‌లోనే ఆ వరుస ఉంది. హైడ్రోటెస్టుకు నీళ్లెక్కడివి అంటే, షెడ్డు వెనకాల బోరువి.

ఈ ప్రాంతం వాళ్లకు బోరు నీళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ని పటిక, సున్నంతో తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. ఇక్కడ నేరం మాత్రం ఫ్లోరైడ్‌ది కాదు, నీళ్లలోని కాల్షియం లవణాలది. బకెట్‌లో పెట్టే హీటర్ కాయిల్ మీద నాలుగు వారాల్లో తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అదే పని మైక్రాన్ల వెడల్పున్న దారిలో జరిగితే ఆ దారి పూడిపోతుంది. రెండు మైక్రాన్ల సందులోకి దూరిన నీటిని తలతన్యత ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, ఒకవైపు వాక్యూమ్ పెట్టినా వాతావరణ ఒత్తిడి దాన్ని నెట్టేయలేదు. నీరు చివర్లలో మెల్లగా ఆవిరవుతుంది, లవణం లోపలే మిగిలిపోతుంది. పైన వేడి గాలి కొడితే ఉపరితలం ఆరుతుంది, లోపల బిరడా ఇంకా గట్టిపడుతుంది. హీలియం టెస్టులో సున్నా. సర్టిఫికెట్ మీద సంతకం. లిక్విడ్ నైట్రోజన్ తగలగానే స్టీలు ఒక తీరున, లవణం మరో తీరున ముడుచుకుని బిరడా చిట్లుతుంది.

ఇది ఊహ మాత్రమే అని వాళ్లకు చెప్పాను. నిరూపించాలంటే చోటు దొరకాలి.

రెండో నిర్ణయం: కోయకుండా ఎత్తు కనుక్కోవడం

జాకెట్ లోపలున్న వెసల్ మీద హీలియం చల్లలేం. వెసల్‌లో హీలియం నింపి జాకెట్‌కు డిటెక్టర్ పెడితే మొత్తం ఎంతో తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. అయినా ముందు అదే చేశాం. షీల్డు ట్యూబుల్లో హీలియం పెడితే కదలిక లేదు, వెసల్‌లో పెడితే ఉంది. షీల్డు మీద అనుమానం పోయింది.

ఎంఎల్ఐ మొత్తం విప్పడమంటే ఆ పొరల ఖరీదు, చుట్టే మనుషుల కూలి, మళ్లీ శుభ్రం చేయడం. యజమాని విప్పేద్దామన్నారు, విసిగిపోయి ఉన్నారు మరి. నేను ఒక్క పరీక్ష అడిగాను. షీల్డు ఖాళీగా ఉంచి, వెసల్‌లో మాత్రం లిక్విడ్ నైట్రోజన్‌ని కొద్దికొద్దిగా పోస్తూ, మట్టం ఎంతకు చేరిందో కర్ర గేజీతో చూస్తూ, జాకెట్ ప్రెజర్ రాసుకోవడం. లీకు నుంచి ఆవిరి పోవడం వేరు, ద్రవం పోవడం వేరు. ద్రవమైతే అదే సందులోంచి చాలా రెట్లు ఎక్కువ పదార్థం బయటపడి, అవతలికి రాగానే గ్యాస్‌గా ఉబ్బుతుంది. 77 కెల్విన్ గోడలకు నైట్రోజన్ అంటుకోదు కాబట్టి ఆ గ్యాస్ అంతా గేజీలో కనబడుతుంది.

షట్టర్లన్నీ ఎత్తించి, ఆక్సిజన్ మీటర్ నడుము ఎత్తులో పెట్టించాకే పోయడం మొదలుపెట్టాం. ఒక లీటరు లిక్విడ్ నైట్రోజన్ 700 లీటర్ల గ్యాస్ అవుతుంది, మూసిన షెడ్డులో ఆక్సిజన్‌ని తోసేస్తుంది, అది ఆటలాడే వస్తువు కాదు.

మట్టం అడుగు సీమ్‌ని దాటాక కూడా జాకెట్ ప్రెజర్ చూపే పెన్నింగ్ గేజీ ప్రశాంతంగానే ఉంది. ఇంకాస్త పైకి రాగానే ఒక్కసారిగా దూకింది. మట్టం దిగేదాకా ఆగి, మళ్లీ పోస్తే దాదాపు అదే ఎత్తులో మళ్లీ దూకింది. ఆ పట్టీలో డ్రాయింగ్ ప్రకారం ఉన్నవి మూడు: నిలువు సీమ్‌లో ఒక ముక్క, ఒక సపోర్ట్ ప్యాడ్, అడుగు నుంచి హీలియం నింపే లైను అతికే నాజిల్. గ్రైండ్ చేసి మళ్లీ వెల్డ్ చేసిన మెడ సీమ్ ఆ పట్టీకి ఆమడ దూరంలో ఉంది.

మూడో నిర్ణయం: ఆ పట్టీ వరకే విప్పడం

జాకెట్ అడుగు భాగం బోల్టులతో ఉండటం మా అదృష్టం. కింది డోమ్ దించి, షీల్డు అడుగు ప్లేటు తీసి, ఆ ఎత్తులో మాత్రమే ఎంఎల్ఐ విప్పాం. ఈసారి డిటెక్టర్‌ని వెసల్ లోపలికి కలిపి, బయటి నుంచి హీలియం.

ఇక్కడ తప్పుదారి పట్టించేవి రెండున్నాయి. ఒకటి, ఎండ మండుతోందని షెడ్డులో పెట్టిన కూలర్లు. మనం ఒక చోట చల్లిన హీలియాన్ని అవి ఇంకో చోటికి తోస్తాయి. ఆపించాను, అందరూ చెమటలు కక్కారు. రెండోది పై ప్లేటు వైటన్ ఓ-రింగు. హీలియం రబ్బరులోంచి మెల్లగా ఇంకి లోపలికి వస్తుంది. కొన్ని నిమిషాల తర్వాత అంకె తాపీగా ఎక్కడం మొదలవుతుంది, లీకు దొరికిందని సంబరపడతాం. హీలియం తేలిక, కింద చల్లినా పైకే పోతుంది. అందుకని పై ఫ్లాంజ్ చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టి లోపల నైట్రోజన్ పారించాం. నిజమైన లీకుకీ ఇంకుడుకీ తేడా సమయంలో ఉంటుంది. మన వెసల్ ఘనపరిమాణాన్ని పంపు వేగంతో భాగిస్తే ఒక నిమిషం వచ్చింది. అంటే చల్లిన క్షణం నుంచి అంకె కదలాలి, రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా ఎక్కాలి. అయిదు నిమిషాలు కదలకుండా ఉండి, ఆ తర్వాత కదిలితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

సీమ్ మీద ఏమీ లేదు. ప్యాడ్ మీద ఏమీ లేదు. నాజిల్ చుట్టూ చిన్న సంచి కట్టి హీలియం వదలగానే అంకె లేచింది. వెల్డరు అక్కడే ఉన్నాడు. నాజిల్‌కి కూడా రెండు వెల్డులున్నాయి, ఆయన మొహంలో టెన్షన్ తెలుస్తోంది. సంచి తీసేసి, ఇంజక్షన్ సూదిని ట్యూబు చివర పెట్టి, హీలియాన్ని నీటి గ్లాసులో నిమిషానికి కొన్ని బుడగలు వచ్చేంతగా తగ్గించి, వెల్డు చుట్టూ మిల్లీమీటర్ మిల్లీమీటర్ తిప్పాను. వెల్డు మీద మౌనం. నాజిల్ బయటి ముఖం మీద, పైపు వెల్డుకు ఓ నాలుగు మిల్లీమీటర్ల అవతల, మెషినింగ్ చేసిన నున్నటి లోహం మీద సూది పెడితే అంకె ఎగిరింది. పక్కకు జరిపితే పడిపోయింది.

భూతద్దం పెట్టి చూస్తే టూలు గీతల మధ్య ఒక తెల్లటి చుక్క. ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. గోరుతో తాకితే సుద్దలా రాలింది.

"నా వెల్డు కాదు గద సార్" అన్నాడు ఆయన.

"కాదన్నా. నువ్వు వెల్డ్ చేసిన ముక్కలోనే ఉంది."

ఊహను అక్కడికక్కడే పరీక్షించాం. బోరు నీళ్లు ఒక చుక్క ఆ చోట పెట్టాం. కొద్దిసేపట్లో అంకె అడుగుకు పడిపోయింది. హీట్ గన్‌తో ఆరబెట్టి హీలియం చల్లాం. లీకు లేదు, సర్టిఫికెట్ ఇచ్చేయొచ్చు. తర్వాత గరిటెతో లిక్విడ్ నైట్రోజన్ ఆ నాజిల్ మీద పోసి, వేడెక్కనిచ్చి, మళ్లీ చల్లితే లీకు తిరిగొచ్చింది. క్వాలిటీ ఇంజనీరు ఇంకోసారి చేయమన్నాడు. చేశాం, అదే వచ్చింది.

లోహంలోంచి లీకు ఎలా

ఈ నాజిల్‌ని గుండ్రటి బార్ కోసి లేత్ మీద తిప్పారు. స్టీలు కరిగించినప్పుడు మిగిలే సన్నటి మలినాలు బార్‌ని సాగదీసినప్పుడు పొడుగు దిశలో దారాల్లా సాగుతాయి. రియాక్టర్ షాఫ్ట్‌కి దానివల్ల నష్టం లేదు. కానీ బార్ నుంచి నాజిల్ తీస్తే ఆ దారం హీలియం ఉన్న లోపలి ముఖం నుంచి వాక్యూమ్ ఉన్న బయటి ముఖానికి నేరుగా పోతుంది. యూరప్‌లో పెద్ద యాక్సిలరేటర్లు నడిపే సెర్న్ లాంటి సంస్థలు అల్ట్రా హై వాక్యూమ్ ఫ్లాంజ్‌లకు ఎలక్ట్రోస్లాగ్ పద్ధతిలో మళ్లీ కరిగించి, ఫోర్జింగ్ చేసిన 316ఎల్ఎన్ స్టీలే కావాలనడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. ఈ నాజిల్ డ్రాయింగ్‌లో గ్రేడు రాసి ఉంది, ముడిసరుకు ఏ రూపంలో ఉండాలో రాయలేదు.

పరిష్కారం

సులువైన దారులు రెండు వచ్చాయి. ఆ చుక్క మీద టిగ్‌తో కరిగించి మూసేద్దామని ఒకరన్నారు. పైన మూసినా దారం లోపల ఉంటుంది, పక్కన ఇంకో దారం ఉండొచ్చు, ఇరుక్కున్న లవణం వెల్డులో పోరాసిటీ, అంటే సన్నటి బుడగ రంధ్రాలు, తెస్తుంది. ఎపాక్సీ పూద్దామని ఇంకొకరన్నారు. అది కూడా బోరు లవణం లాంటిదే, చల్లబడితే ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతుంది, ఈసారి హీలియం నిండా ఉన్నప్పుడు చిట్లుతుంది.

నాజిల్‌నే కోసి తీసి, అల్ట్రాసోనిక్ టెస్టు పాసైన ఫోర్జింగ్ నుంచి కొత్తది చేయించాం. అతికించింది అదే వెల్డరు. ఆయన్నే పెట్టమని యజమానిని నేనే అడిగాను.

వరుస కూడా మారింది. శుభ్రం చేసి ఆరిన వెసల్‌కి, ఏ ద్రవమూ తగలకముందే మొదటి హీలియం టెస్టు. డై పెనెట్రెంట్ కూడా ద్రవమే, అదీ సందుల్ని పూడుస్తుంది, కాబట్టి అది దీని తర్వాతే. ప్రెజర్ టెస్టు గురించి మాత్రం చాలాసేపు వాదన జరిగింది. నీళ్లు వద్దనుకుంటే గ్యాస్‌తో చేయొచ్చు. ప్రెజర్ పాత్రలకు వాడే అమెరికా ఏఎస్‌ఎంఈ కోడ్‌లో నీటితో అయితే డిజైన్ ప్రెజర్‌కి 1.3 రెట్లు, గ్యాస్‌తో అయితే 1.1 రెట్లు. నాకు గ్యాస్ ఇష్టమే, కానీ పక్కనే మనుషులు పనిచేసే చిన్న షెడ్డులో అంత పెద్ద పాత్రలో గ్యాస్ బిగించడం నాకు నచ్చలేదు. వెల్డు పగిలితే నీళ్లు కారతాయి, గ్యాస్ పేలుతుంది. చివరికి డీఎం నీళ్లతోనే, అంటే లవణాలు తీసేసిన నీళ్లతోనే, హైడ్రోటెస్టు, ఆ తర్వాత వాక్యూమ్ పెట్టి 120 డిగ్రీల దగ్గర బేకింగ్, ఎంఎల్ఐ చుట్టకముందే లిక్విడ్ నైట్రోజన్ షాక్, మళ్లీ హీలియం టెస్టు. డీఎం నీళ్లకు ఇంకో లాభం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు టెస్టు నీళ్లలో క్లోరైడ్ 50 పీపీఎం దాటకూడదని చాలా స్పెసిఫికేషన్లలో ఉంటుంది, ఆ బోరు నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు పెడితే అంకె వెయ్యి దాటింది.

ఈ వరుసలో వెసల్ పాసయింది. అయినా 77 కెల్విన్ టెస్టు పూర్తి హామీ కాదని రిపోర్టులో రాశాను. 2.17 కెల్విన్ కిందికి దిగితే హీలియం సూపర్‌ఫ్లూయిడ్ అవుతుంది, మామూలు హీలియం గ్యాస్‌కి కూడా కనబడని సందుల్లోంచి పారుతుంది. అది షెడ్డులో చూడలేం. కొన్న సంస్థ తమ దగ్గర 2 కెల్విన్‌కు దించి చూసుకుంది, జాకెట్ వాక్యూమ్ కదల్లేదు.

అదే బార్ నుంచి తీసిన నాజిళ్లు స్టోర్‌లో ఇంకా ఉన్నాయి. వాటిని టెస్టు ఫిక్స్చర్‌లో పెట్టి హీలియంతో చూస్తే ఒకటి లీకయింది, మిగతావి బాగానే ఉన్నాయి. బాగున్నవి వాడుకోవచ్చా అని యజమాని అడిగారు. ఈ ఒక్క ఆర్డర్‌కి వద్దన్నాను. పాసైన ముక్కలో దారం లేదో, ఉండి మూసుకుని ఉందో ఆ టెస్టు చెప్పదు. వాటిని ఫార్మా ట్యాంకుల డ్రెయిన్ నాజిళ్లకు వాడేశారు, అక్కడ అవి హాయిగా పనిచేస్తాయి.